పాత పికప్ డీజిల్ లైనులో పేరుకుపోయిన తాత్కాలిక మరమ్మతులు: ఒక కేస్ స్టడీ

బండి, ఫిర్యాదు

ఈ కేసు 2008 మోడల్ టాటా 207 డీఐ పికప్‌కు సంబంధించినది. మదనపల్లె చుట్టుపక్కల పల్లెల నుంచి టమాటా క్రేట్లను మార్కెట్ యార్డుకు చేర్చడం దాని రోజువారీ పని. యజమానే డ్రైవరు. 97 మిల్లీమీటర్ల బోరు, 100 మిల్లీమీటర్ల స్ట్రోకు గల నాలుగు సిలిండర్ల 2,956 సీసీ డీజిల్ ఇంజిన్ ఇందులో ఉంది. ఈసీయూ (ఇంజిన్‌ను అదుపు చేసే కంప్యూటరు) లేదు, డీజిల్ సరఫరా అంతా మెకానికల్ పంపు మీదే నడుస్తుంది. స్కానరు తగిలించి కోడు చదివే వీలు లేదు కనుక, లోపాన్ని కంటితో, చెవితో, చేతితోనే పట్టుకోవాలి.

యజమాని తన ఇబ్బందిని ఇలా చెప్పాడు: "అన్నా, తెల్లారుజామున సెల్ఫ్ కొట్టీ కొట్టీ బ్యాటరీ దిగిపోతా ఉంది. ఎట్లో స్టార్టయినా, లోడు మీద మిట్ట ఎక్కేటప్పుడు ఈడ్చలేక కట్టయిపోతుంది. కాసేపు ఆపి మళ్లీ కొడితే ఏమీ కానట్టే పోతుంది." వేరొక చోట చూపిస్తే ఎఫ్.ఐ.పి. (నాజిళ్లకు డీజిల్‌ను ఒత్తిడితో పంపే ఇంజెక్షన్ పంపు) విప్పి కాలిబ్రేషన్ చేయించాలని, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాలుగు నాజిళ్లూ మార్చాలని చెప్పారట. ఆ ఖర్చుకు దిగే ముందు మరొకరి మాట కూడా వినాలని బండిని మా దగ్గరికి తెచ్చాడు.

బానెట్ ఎత్తకముందే నేను అడిగిన ప్రశ్న, రాత్రి బండిని ఎలా ఆపుతావని. ఇంటి ముందు వాలులో ముక్కు కిందికి పెట్టి ఆపిన రోజు ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుందని, తోట దగ్గర మిట్టకు ముఖం పెట్టి ఆపిన రోజే మొరాయిస్తుందని చెప్పాడు. దానితో సగం దారి తెలిసిపోయింది. ముక్కు కిందికి ఉంటే ట్యాంకులోని డీజిల్ మట్టం ఇంజిన్ కంటే పైన ఉంటుంది కనుక లైను నిండుగానే నిలుస్తుంది. ముక్కు పైకి ఉండి, లైనులో ఎక్కడైనా గాలి దూరే సందు ఉంటే, రాత్రంతా డీజిల్ మెల్లగా వెనక్కి జారి ట్యాంకులోకి దిగిపోతుంది. పంపు అరిగినా, నాజిళ్లు చెడినా ఉదయం స్టార్టింగు కష్టమే గానీ, ఆ కష్టం బండి నిలిపిన వాలును బట్టి ఇంత తేడాగా మారదు.

బండి చరిత్ర

కాగితం మీద రాసుకున్న రికార్డేమీ లేదు. యజమానిని కూర్చోబెట్టి, ఒక్కో చోటు చూపిస్తూ అడిగితే గుర్తు తెచ్చుకుని చెప్పాడు. చాలా కాలం కింద ఛాసిస్ మధ్యలో బ్రాకెట్‌కు రాపిడి తగిలి ఇనుప డీజిల్ పైపు చిల్లు పడింది. అది రాత్రి వేళ, వెనుక క్రేట్లు నిండుగా ఉన్నాయి. తెల్లవారి వేలానికి అందకపోతే సరుకు ధర పడిపోతుంది. అక్కడికి వచ్చిన మెకానిక్ చిల్లు పడిన ముక్కను కోసేసి, మేస్త్రీలు మట్టం చూసుకునే లెవెల్ పైపును రెండు చివర్లకూ తొడిగి, బైండింగ్ వైరుతో బిగించి, పైన ఎంసీల్ పెట్టి, దాని మీద సైకిలు ట్యూబు చుట్టి పంపాడు. ఆ రాత్రికి అది సరైన పనే. తరువాత ఫిల్టర్ హెడ్డు దగ్గర బంజో బోల్టు (లోపలి బోలు గుండా డీజిల్ పోయే బోల్టు) చెమర్చితే దానికి తెల్లటి థ్రెడ్ టేపు చుట్టారు. నాజిళ్ల మీద, మిగులు డీజిల్‌ను వెనక్కి పంపే లీకాఫ్ పైపు పగిలితే సెలైన్ ట్యూబు వేశారు. ట్యాంకు అడుగున, బెల్టు ఒరిసే చోట, సూదిమొన చిల్లు పడితే రబ్బరు వాషరుతో సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూ బిగించి, చుట్టూ బట్టల సబ్బు రుద్దారు. కిందటి వానాకాలంలో ట్యాంకు మూత ఎక్కడో పడిపోతే, నోటికి దళసరి ప్లాస్టిక్ కవరు రెండు మడతలు వేసి, ట్యూబు ముక్కతో గట్టిగా బిగించి కట్టారు.

ఇవి వేరువేరు చేతులు, వేరువేరు సమయాల్లో చేసిన పనులు. ప్రతిసారీ డీజిల్ కారడం ఆగింది, బండి కదిలింది, ఆ సంగతిని అందరూ మరిచిపోయారు. లైనుకు వేసిన లెవెల్ పైపు గురించి నేను అడిగితే, "అది చానా కాలం కిందటి మాట అన్నా, చుక్క కూడా కారదు" అని యజమాని నమ్మకంగా చెప్పాడు. కారదన్న మాట నిజమే. అసలు చిక్కు అక్కడే ఉంది.

కారని లీకు

ట్యాంకు నుంచి ఫీడ్ పంపు (డీజిల్ లాగి ఎఫ్.ఐ.పి.కి అందించే చిన్న పంపు) వరకు ఉన్న లైనులో డీజిల్‌ను వెనుక నుంచి ఎవరూ నెట్టరు. ఫీడ్ పంపు ముందు నుంచి పీలుస్తుంది. అందువల్ల ఇంజిన్ నడుస్తున్నంత సేపు ఆ లైను లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి కంటే తక్కువగా ఉంటుంది. అక్కడ సందు ఉంటే డీజిల్ బయటికి రావడం కన్నా గాలి లోపలికి పోవడమే జరుగుతుంది. ఫీడ్ పంపు దాటాక, ఫిల్టరు నుంచి ఎఫ్.ఐ.పి. దాకా ఒత్తిడి కొద్దిగా ఎక్కువ కనుక అక్కడి లీకు తడిగా కనబడుతుంది. ఎఫ్.ఐ.పి. నుంచి నాజిళ్ల దాకా ఉన్న ఇనుప పైపుల్లో ఒత్తిడి 200 బార్లకు పైమాటే; అక్కడి లీకు చిమ్ముతుంది. ఈ మూడు భాగాలకు ఒకే రకమైన పరీక్ష, ఒకే రకమైన మరమ్మతు పనికిరావు. రోడ్డు మీద జరిగే రిపేర్లలో అన్నిటికీ కలిపి ఒకే కొలమానం ఉంటుంది: కారుతోందా, కారడం లేదా. పీల్చే వైపు, అంటే సక్షన్ వైపు, ఆ కొలమానం తప్పు దారి పట్టిస్తుంది.

ఈ బండిలో ఇంకొక మెలిక కూడా ఉంది, ఈ కేసును రాయడానికి నన్ను పురిగొల్పింది అదే. లెవెల్ పైపు అతుకు చాలా కాలం ఇబ్బంది పెట్టలేదు. ప్లాస్టిక్ కవరు కట్టిన తరువాతే బండి మొండికేయడం మొదలైంది. ట్యాంకు మూతలో గాలి ఆడే చిన్న రంధ్రం, అంటే వెంట్, ఉంటుంది. పంపు ఎంత డీజిల్ పీలిస్తే, ట్యాంకుకే తిరిగి వచ్చే డీజిల్ (రిటర్న్) పోను మిగిలిన ఆ మేరకు బయటి గాలి దాని గుండా లోపలికి వచ్చి ఖాళీని నింపాలి. కవరు ఆ దారిని మూసేసింది. లోడు మీద మిట్ట ఎక్కేటప్పుడు డీజిల్ వాడకం ఎక్కువ కనుక ట్యాంకులో శూన్యం పెరుగుతుంది, ఫీడ్ పంపు మరింత గట్టిగా పీల్చవలసి వస్తుంది, ఆ అదనపు పీల్పుకు అంతవరకు ఓర్చుకున్న పాత అతుకు గాలిని లోపలికి వదలడం మొదలుపెడుతుంది. ఇంజిన్ కట్టయి ఆగాక, కవరు అంచుల్లోంచి మెల్లగా గాలి చేరి ట్యాంకు సర్దుకుంటుంది. మళ్లీ సెల్ఫ్ కొడితే బండి ఏమీ కానట్టు బయలుదేరుతుంది. విడివిడిగా భరించదగిన రెండు తాత్కాలిక మరమ్మతులు కలిసి బండిని నిలబెట్టేశాయి. ఒక్కొక్కదాన్ని విడిగా చూసిన మెకానిక్‌కు ఏదీ దోషిగా కనబడకపోవడం సహజమే.

పరీక్షలు

ముందుగా బండిని వర్క్‌షాపు బయట కొంతసేపు రేసింగులో నడిపించి, ఇంజిన్ ఆడుతుండగానే ట్యాంకు నోటి కట్టు విప్పాను. కవరు లోపలికి గుంట పడి, నోటి అంచుకు అతుక్కుపోయి ఉంది. అంచు ఎత్తగానే బుస్సుమని గాలి లోపలికి పోయింది. ఐడిలింగులో అప్పటిదాకా ఎగుడుదిగుడుగా ఉన్న ఇంజిన్ మోత చాలా వరకు సర్దుకుంది గానీ పూర్తిగా కుదుటపడలేదు. వెంట్ ఒక్కటే కారణం కాదని అలా తేలింది.

తరువాత ఫీడ్ పంపు ఇన్‌లెట్ దగ్గర మూరెడు పారదర్శక పైపు తగిలించి చూశాను. లైనులో శాశ్వతంగా ఉండకూడని లెవెల్ పైపు, పరీక్ష సాధనంగా మాత్రం ఎంతో విలువైనది. కొత్తది వాడి, పని కాగానే తీసేయాలి. ఐడిలింగులో అక్కడక్కడ బుడగలు, రేసు పెంచితే నురగలా వరస కట్టిన బుడగలు కనిపించాయి. గాలి ఫీడ్ పంపుకు ముందే చేరుతోందని యజమాని కళ్లారా చూశాడు.

పంపును, నాజిళ్లను నిర్దోషులని తేల్చిన పరీక్ష క్యాను పరీక్ష. శుభ్రమైన క్యానులో వడకట్టిన డీజిల్ పోసి, కొత్త హోసును నేరుగా ఫీడ్ పంపుకు కలిపి, రిటర్న్ పైపును కూడా అదే క్యానులోకి మళ్లించి, ఎయిర్ తీసి స్టార్ట్ చేస్తే ఇంజిన్ ఒకే స్వరంలో ఆడింది. రేసు పెంచినా, ఒక్కసారిగా వదిలినా మిస్ కొట్టలేదు. రిటర్న్‌ను మరిచిపోయి క్యాను పరీక్ష చేసేవాళ్లను చూస్తుంటాను. అలా చేస్తే క్యానులోని డీజిల్ పాత ట్యాంకులోకి పోయి క్యాను చూస్తుండగానే ఖాళీ అవుతుంది, మళ్లీ గాలి పడుతుంది, నేరం పంపు మీద పడుతుంది.

గాలి దూరే చోటును కచ్చితంగా పట్టుకోవడానికి లీకును తిరగేయాలి. ఫీడ్ పంపు వైపు లైను మూసి, రిటర్న్ లైను కూడా బిగించి, ట్యాంకు నోటి నుంచి సైకిలు పంపుతో కొద్దిపాటి గాలి ఎక్కించాను. 0.2 బార్ చాలు. కంప్రెసర్ గొట్టాన్ని ఈ పనికి వాడకూడదు. ట్యాంకు పలుచని రేకు, అంత ఒత్తిడికి కుట్లు విచ్చుకుంటాయి. గాలిని పీల్చే సందు ఇప్పుడు డీజిల్‌ను బయటికి నెట్టింది: ఛాసిస్ మధ్యలోని అతుకు కింద సైకిలు ట్యూబు చుట్టు అంచున ఒక చుక్క నిండి జారింది, దాని వెనుకే మరొకటి. ట్యాంకు అడుగున స్క్రూ చుట్టూ ఉన్న సబ్బు కూడా తడిసింది.

విప్పి చూస్తే

ఆ అతుకును కోసి టేబుల్ మీద పెట్టి చూశాము. పైన సైకిలు ట్యూబు పొర ఉబ్బి, వేలితో గిల్లితే ఊడి వచ్చేంత మెత్తబడింది. టైరు ట్యూబు రబ్బరు డీజిల్‌కు నిలవదు. దాని కింద ఎంసీల్ ముద్ద గట్టిగా, చెక్కు చెదరకుండా ఉంది గానీ, తడి పైపు మీద పెట్టినందువల్ల ఎక్కడా అంటుకోలేదు. చేతికి వదులైన కడియంలా అటూ ఇటూ తిరిగింది. అది పదార్థం లోపం కాదు, డీజిల్ పూర్తిగా తుడిచి, గరుకు చేయకుండా పెట్టడం వల్ల వచ్చింది. ఎంసీల్ కింద బైండింగ్ వైరు లెవెల్ పైపును కోసుకుంటూ లోపలికి దిగింది. పైపు లోపలి వైపు గోధుమ రంగుకు తిరిగి, గాజులా బిరుసెక్కింది; పి.వి.సి.ని మెత్తగా ఉంచే పదార్థాన్ని డీజిల్ కొద్దికొద్దిగా లాగేస్తుంది కనుక అది ముడుచుకుని పట్టు వదులుతుంది. ఇనుప పైపు కొసను హ్యాక్సా బ్లేడుతో కోసి, ఆ గరుకును ఆకురాయితో రుద్దకుండానే తొడిగారు. ఆ గరుకు లెవెల్ పైపు లోపల నిలువుగా ఒక గీత గీసింది. గాలి దారి ఆ గీతే.

ఫిల్టర్ బౌల్ దించితే అడుగున నీళ్లు, సన్నని తుప్పు పొడి, వాటిలో కలిసిపోయి తెల్లటి దారపు పోగుల్లాంటి థ్రెడ్ టేపు ముక్కలు ఉన్నాయి. బంజో బోల్టుకు టేపు వేసినా ప్రయోజనం ఉండదు. అక్కడ డీజిల్‌ను ఆపేది మరలు కాదు, రెండు రాగి వాషర్లు. చెమరుస్తుందని పదేపదే బిగించడం వల్ల ఫిల్టర్ హెడ్డులోని మర కొంత దెబ్బతిన్నది. అది దెబ్బతిన్నందుకు టేపు చుట్టారు, టేపు చినిగి ఫిల్టరులో చేరింది. ఫిల్టరు దాటి ఒక్క పోగు పంపులోకి పోయినా ఆ ఖర్చు ఈ మొత్తం పనిని మించిపోతుంది.

ఎవరూ ఫిర్యాదు చేయని లోపం అన్నిటికంటే ప్రమాదకరమైనది. నాజిళ్ల మీది సెలైన్ ట్యూబు వేడికి పసుపు రంగుకు తిరిగి, మూడో నాజిల్ దగ్గర వెంట్రుకంత నెర్రె ఇచ్చింది. అక్కడి నుంచి సన్నగా చెమర్చే డీజిల్ హెడ్డు మీదుగా ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ వైపు జారిన మరక ఉంది. క్యాబిన్‌లో డీజిల్ వాసన వస్తోందని అడిగితే, పాత బండికి అది మామూలేనని యజమాని అనుకున్నాడట. లోడు మీద ఎర్రబడేంత వేడెక్కే మానిఫోల్డ్‌కు పక్కన ఆ మరక ఉండటాన్ని చూశాక, మిగతా పనులన్నీ ఆపి ముందు ఆ ట్యూబు మార్చాము.

మరమ్మతు

ఛాసిస్ పొడవునా ఇనుప లైనును అతుకు లేకుండా కొత్త బండీ ట్యూబు అనే ఉక్కు గొట్టంతో వేశాము. రాగి పైపు వంచడానికి సులువే అయినా అదురుకు బిరుసెక్కి చిట్లుతుంది, పైగా రాగి డీజిల్ త్వరగా పాడయ్యేలా చేస్తుంది, అందుకే వద్దన్నాను. ఇంజిన్ అదురు ఛాసిస్‌కు తగిలే ఒక్క చోటే, అల్లిక ఉన్న డీజిల్ హోసు ముక్క పెట్టాము. పైపు కొసలకు చిన్న ఉబ్బు తీసి, ఆ ఉబ్బుకు వెనుక సరైన క్లిప్పు బిగించాము. పాత పైపు ఒరిసి తెగిన బ్రాకెట్ దగ్గర రబ్బరు గ్రొమెట్ పెట్టి, లైను పొడవునా క్లాంపులు వేశాము. ఆ రాపిడి చోటును వదిలేస్తే కొత్త పైపుకు కూడా అదే గతి పడుతుంది.

ఫిల్టర్ హెడ్డు మార్చి, బంజోలకు కొత్త రాగి వాషర్లు వేశాము. కొత్తవి దొరకని చోట పాత రాగి వాషరును ఎర్రగా కాల్చి చల్లార్చి, మసి తుడిచి వాడుకోవచ్చు. రాగి మళ్లీ మెత్తబడి కూర్చుంటుంది. అలా చేయడం సరైన పద్ధతే. ఒక దాని మీద ఒకటి రెండు వాషర్లు పేర్చడం మాత్రం తప్పు.

ట్యాంకు దించి ఖాళీ చేస్తే అడుగున నల్లటి జిగురు, నీళ్లు ఉన్నాయి. సగం ఖాళీగా ఉండే ట్యాంకులో వానాకాలపు తేమ నీరుగా దిగుతుంది, ఆ నీటికీ డీజిల్‌కూ మధ్య సూక్ష్మజీవులు పెరిగి ఈ జిగురు కడతాయి. జల్లెడకు అడ్డం పడేది అదే. వేడి నీళ్లతో, చాకలి సోడాతో పలుమార్లు కడిగి, రేడియేటర్ షాపులో చిల్లు పడిన చోట రేకు అతికించి సోల్డరింగ్ చేయించాము. ట్యాంకును నీళ్లతో నింపి, అతుకు పడే చోటు మాత్రమే పైకి వచ్చేలా తిప్పి పెట్టాకే మంట దగ్గరికి తీసుకెళ్లనిచ్చాను. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదం. డీజిల్ పెట్రోలు కాదు కదా, అంటుకోదనే ధీమా మన దగ్గర చాలామందికి ఉంది. మన దేశపు ప్రమాణాల్లో డీజిల్ ఫ్లాష్ పాయింటుకు (ఆవిరి నిప్పురవ్వకు అంటుకునే వేడికి) పెట్టిన కనీస హద్దు 35 డిగ్రీల సెల్సియస్. రాయలసీమ ఎండాకాలంలో నీడలోనే అంతకు మించిన వేడి ఉంటుంది. ట్యాంకు బెల్టుల కింద కొత్త రబ్బరు పట్టీలు, నోటికి వెంట్ ఉన్న అసలు మూత పెట్టాము.

ఎయిర్ తీయడం క్రమంగా జరగాలి: ఫిల్టర్ హెడ్డు మీది బ్లీడ్ స్క్రూ వదులు చేసి నురగ ఆగేదాకా ప్రైమర్ (చేత్తో నొక్కి డీజిల్ ఎక్కించే చిన్న పంపు) నొక్కడం, తరువాత ఎఫ్.ఐ.పి. దగ్గర అదే పని, చివరికి నాజిల్ నట్లు కొద్దిగా వదిలి సెల్ఫ్ కొట్టడం. ఇంజిన్ నడుస్తుండగా హై ప్రెషర్ పైపు దగ్గర లీకు ఉందేమోనని వేలు పెట్టి చూడకూడదు, అట్ట ముక్కతో చూడాలి. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, గాయం సూదిపోటులా చిన్నగా కనబడినా వెంటనే ఆపరేషన్ అవసరమయ్యే సంగతి. నోటితో పైపు పీల్చి డీజిల్ రప్పించే అలవాటు ఈ యజమానికీ ఉండేది. ఊపిరితిత్తుల్లోకి పోయిన కొద్దిపాటి డీజిల్ కూడా ప్రాణం మీదికి తెస్తుందని కూర్చోబెట్టి చెప్పి, ప్రైమర్ వాడటం నేర్పి పంపాను.

ఏవి ఒప్పుకోవచ్చు, ఏవి కూడదు

రోడ్డు మీద చేసే మరమ్మతులను చులకన చేయడం నా ఉద్దేశం కాదు. సరుకుతో సహా బండి రాత్రిపూట మలుపులో నిలిచిపోతే, అక్కడి నుంచి కదిలించిన మెకానిక్ మంచి పనే చేసినట్టు. ట్యాంకు చిల్లుకు వాషరుతో స్క్రూ, పైన సబ్బు: డీజిల్‌కు సబ్బు కరగదు కనుక కొన్నాళ్లు నిలుస్తుంది, ఒప్పుకోవచ్చు, అదురుకు చిల్లు పెద్దదయ్యేలోగా ట్యాంకు దించాలి. సక్షన్ లైనులో హోసు ముక్క కూడా ఒప్పుకోవచ్చు, అది డీజిల్ హోసు అయి, రెండు వైపులా క్లిప్పులుంటే. మూర హోసు, నాలుగు క్లిప్పులు, కొన్ని రాగి వాషర్లు సీటు కింద ఉంచుకుంటే లెవెల్ పైపు అవసరమే రాదు. ఈ బండిలో ఇప్పుడు అవి ఉన్నాయి.

క్యాబిన్ వెనుక క్యాను కట్టి పైనుంచి డీజిల్ దింపడం, హై ప్రెషర్ పైపుకు వెల్డింగ్ పెట్టడం, మానిఫోల్డ్ పైన ప్లాస్టిక్ ట్యూబు వేయడం నేను ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోను. బండి ఆగిపోతే సరుకే పోతుంది, వీటితో మనిషి పోతాడు.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్‌లో సల్ఫర్ 10 పీపీఎంకు తగ్గిందని, పాత బండ్లు దానివల్లే చెడుతున్నాయని యజమానికి ఎవరో చెప్పారట. ఇంధనం గుణం మారినప్పుడు బాగా పాతబడిన రబ్బరు సీళ్లు ముడుచుకుని కారడం ఉండే విషయమే. ఈ బండిలో కనిపించిన లోపాల్లో మాత్రం ఒక్కటీ ఆ కారణానికి చెందినది కాదు.

ఫలితం

పని పూర్తయ్యాక బండిని కావాలనే ముక్కు పైకి పెట్టి, పారదర్శక పైపును ఫీడ్ పంపు దగ్గర అలాగే ఉంచి రాత్రంతా వదిలేశాము. తెల్లవారి చూస్తే పైపులో డీజిల్ నిండుగా ఉంది, బుడగ లేదు. ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. పైపు తీసేసి, లోడు వేసి హార్స్‌లీ హిల్స్ ఘాటు ఎక్కించాము. ఇంజిన్ ఎక్కడా కట్ కాలేదు. యజమాని ఆ తరువాత యార్డుకు మామూలుగా తిరుగుతున్నాడు; ఫిల్టర్లను గడువు కంటే ముందే ఒకసారి మార్చి బౌల్ చూస్తే కొద్దిగా తుప్పు పొడి తప్ప టేపు పోగులు, నీళ్లు లేవు.

ఫుల్ లోడులో నల్ల పొగ కొంచెం ఎక్కువగానే ఉంది. నాజిళ్లను టెస్ట్ బెంచ్ మీద చూపించవలసిన అవసరం ఉంది, టమాటా సీజన్ తగ్గాక ఆ పని చేద్దామని యజమాని ఒప్పుకున్నాడు. అప్పుడే డీజిల్ గేజి కూడా సరిచేయాలి. ఆ ముల్లు పనిచేయక ఎంత ఉందో తెలియక, ట్యాంకు అడుగంటేదాకా నడపడం ఇతనికి అలవాటైంది, అడుగున చేరిన నీరు, జిగురు లైనులోకి లాగబడటానికి అది కూడా ఒక కారణం. అప్పటివరకు కొలపుల్లతో చూసుకుని, సగానికి తగ్గకుండా నింపుకోమని చెప్పాము.